తొమ్మిది మెట్ల మీద నేను రాసిన అబద్ధం

పాత హాలీవుడ్ హాస్యచిత్రం చూస్తూ, పక్కవాళ్ల భుజం తట్టి, "ఈ సీన్‌లో వాళ్లు నటించలేదు తెలుసా, నిజంగానే జారిపడ్డారు, డైరెక్టర్ అలాగే ఉంచేశాడు" అని చెప్పే అలవాటు మీలో ఎంతమందికి ఉందో నాకు తెలియదు. ఉన్నవాళ్లకి నా నమస్కారం. మీ జ్ఞానానికి మూలపురుషుల్లో నేనూ ఒకణ్ని. ఇప్పుడు రిటైరై, మోకాళ్లకి నూనె రాసుకుంటూ ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, ఆ జ్ఞానం ఎలా తయారయ్యేదో చెప్పేసినా నాకు పోయేదేమీ లేదు.

మా ఆఫీసు లండన్ శివార్లలోని క్రోయిడన్‌లో, ట్రామ్ స్టాప్ ఎదురుగా, ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఉండేది. రెండు గదులు. కింద డ్రిల్లు మోగుతుంటే పైన మేము నవ్వుల సినిమాల మీద పని చేసేవాళ్లం. పాత సినిమాలని డిస్కులుగా వేసే కంపెనీలకి సబ్‌టైటిల్స్ చేసిపెట్టడం మా పని. దాంతోపాటు ట్రివియా ట్రాక్ అని ఇంకొకటి ఉండేది. రిమోట్‌లో బటన్ నొక్కితే, సినిమా నడుస్తుండగా తెర అడుగున తెరవెనక సంగతులు ఒక్కో వాక్యంగా వచ్చి పోతుంటాయి. ఐస్‌క్రీమ్ దీపాల వేడికి కరిగిపోతుందని ఉడికించిన బంగాళదుంప వాడారు, మగకుక్క వేషం వేసింది నిజానికి ఆడకుక్క, ఇలాంటివి. ఆ వాక్యాలు రాసేవాణ్ని నేనే.

అంతకుముందు హైదరాబాద్‌లో పన్నెండేళ్లు ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా చేశాను. మా ఆవిడ డాక్టరు. ఆమెకి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, నాకు ఆమె వీసా మీద వచ్చే భాగ్యం దక్కింది. తెలుగువాళ్ల పార్టీల్లో నా పేరు "డాక్టరుగారి హస్బెండు". ఎవరైనా కొత్తగా, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, బంగాళదుంపల ఐస్‌క్రీమ్ గురించి చెప్పేవాణ్ని. ఆయన నన్ను జాలిగా చూసి, సమోసాల వైపు కదిలేవారు.

మా ఆఫీసులో రెండు రూల్స్ ఉండేవి. మొదటిది, రాసే ప్రతి సంగతికీ మూడు ఆధారాలు ఉండాలి. వినడానికి ఎంత గంభీరంగా ఉందో చూడండి. ఆధారాలంటే మూడు పుస్తకాలు. వాటిలో రెండోది మొదటిదాన్ని చూసి రాసింది, మూడోది రెండోదాన్ని చూసి రాసింది. మూడూ ఒకే మాట చెప్పడంలో ఆశ్చర్యం లేదు. రెండో రూలు, ఐదు నిమిషాల కంటే ఎక్కువసేపు తెర అడుగు ఖాళీగా ఉండకూడదు. ఖాళీ వస్తే ట్రాక్ ఆగిపోయిందనుకుని జనం డిస్కు వెనక్కి ఇచ్చేస్తారని కంపెనీవాళ్ల భయం.

మొదటి రూలుకీ రెండో రూలుకీ పడకపోతే రెండోదే గెలిచేది. ఆ విషయం ఎవరూ చెప్పరు. చేరిన నెలలో అర్థమవుతుంది.

మా బాసు అరవై దాటిన ఇంగ్లీషాయన. ఆయనకి కోపం వచ్చినట్లు నేనెప్పుడూ చూడలేదు. ఈ దేశంలో కోపం రాకపోవడం అంటే ఏమిటో తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. "లవ్లీ" అంటే చదవలేదని. "క్వైట్ గుడ్" అంటే మళ్లీ రాయమని. "ఇంటరెస్టింగ్" అన్నాడా, వేరే ఉద్యోగం వెతుక్కోవడం మంచిది.

ఇక సినిమా సంగతి. నలుపు తెలుపుల్లో తీసిన పెళ్లి గందరగోళం కథ. పెళ్లివిందు జరుగుతుంటుంది. పనిమనిషి పెద్ద గాజుగిన్నె నిండా సూపు పట్టుకుని మేడ దిగుతుంది. పైమెట్టు మీద కాలు జారుతుంది. తొమ్మిది మెట్లూ జర్రున జారి, కింద నేల మీద నిటారుగా కూర్చుంటుంది. ఒళ్లో గిన్నె. ఒక్క చుక్క ఒలకదు. తలెత్తి పెళ్లికొడుకుతో, "భోజనం సిద్ధం సార్" అంటుంది. సినిమాలో ఆమెకి ఉన్నది అంతే. టైటిల్స్‌లో ఆమె పేరు లేదు.

ఆ సీన్‌కి ముందూ వెనకా కలిపి నాకు ఆరు నిమిషాల ఖాళీ వచ్చింది. పుస్తకాలన్నీ తిరగేశాను. హీరోగారి టోపీ గురించి నాలుగు పేజీలున్నాయి, ఈ మెట్ల గురించి ఒక్క ముక్క లేదు. మర్నాడు ట్రాక్ పంపాలి. టీ తాగి వచ్చి ఇలా రాశాను: "ఇలా పడటం స్క్రిప్టులో లేదు. పనిమనిషిగా వేసిన ఎక్స్‌ట్రా నిజంగానే జారిపడింది. దర్శకుడికి నచ్చి ఉంచేశాడు."

ఒకసారి ఆలోచించండి. తొమ్మిది మెట్లు జారి, గిన్నె నిండా ఉన్న సూపు ఒక్క చుక్క ఒలకకుండా కూర్చుని, డైలాగు కూడా చెప్పడం ప్రమాదమట. రాసేటప్పుడు నాకు అనుమానం రాలేదు. చదివిన బాసుకీ రాలేదు, లవ్లీ అన్నాడు. కొన్నవాళ్లకీ రాలేదు. అందరికీ తెగ నచ్చింది. నాలుగేళ్లలో ఆ వాక్యం ఇంటర్నెట్ అంతా పాకింది. 'మీకు తెలియని పది నిజాలు' లాంటి ప్రతి జాబితాలోనూ చేరింది. ఒక పుస్తకంలో కూడా వచ్చింది. అంటే దానికి మూడు ఆధారాలు ఏర్పడ్డాయి. రూలు ప్రకారం అది ఇప్పుడు నిజం.

లండన్‌లో ఒలింపిక్స్ హడావిడి అణిగిన మరుసటి ఏడాది, అదే సినిమా బ్లూరేగా రాబోతోంది. నా పాత ట్రాకే వాడతామన్నారు. ఆ వారంలోనే ఆఫీసుకి ఒక ఈమెయిల్ వచ్చింది. ఇల్ఫర్డ్‌లోని ఒక కేర్ హోమ్ నుంచి, అంటే వృద్ధాశ్రమం నుంచి. రాసింది అక్కడి నర్సు, చెప్పి రాయించింది తొంభైకి దగ్గర పడిన ఒక ఆవిడ. ఉత్తరంలో మర్యాదలేమీ లేవు. "నేను జారిపడలేదు. అది నా పని. మీరు రాసిన దాని వల్ల ఇక్కడ నన్ను అబద్ధాలకోరు అంటున్నారు. వచ్చి సరిచేయండి."

తల కొట్టేసినట్లయింది. ఆ పనిమనిషి వేషం వేసిన ఆవిడ ఇంకా బతికే ఉంటుందని నేను ఊహించలేదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆమె ఒక మనిషి అనే సంగతే నాకు తట్టలేదు. నా లెక్కలో ఆమె ఆరు నిమిషాల ఖాళీ.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటోంది.

"ఏవండీ, పేషెంటు చార్టులో ఖాళీ ఉంది కదా అని నేను బీపీ ఊహించి రాశాననుకోండి. నన్నేం చేస్తారో తెలుసా?"

"తెలుసు."

"మిమ్మల్నేం చేశారు మరి?"

"ఏం చేయలేదు. బాసు బాగుందన్నాడు."

"అదృష్టవంతులు," అని పెరుగు కలుపుకుంది.

బాసు మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. ఒక సారీ కార్డూ, ఒక డిస్కూ పంపిస్తే సరిపోతుందన్నాడు. ఆమెని అబద్ధాలకోరు చేసిన డిస్కునే ఆమెకి బహుమతిగా పంపడంలోని సౌందర్యం ఆయనకి తట్టలేదు. నేనే వెళ్తానన్నాను. శనివారం రైళ్లు మారి ఇల్ఫర్డ్ చేరాను. తలుపు తీసిన నర్సు నా పేరు వినగానే తెలుగులోకి దిగింది. నలభై దాటిన మనిషి, వరంగల్ ఆమె.

"మీరేనా అన్నా ఆ రాత రాసింది? మంచిగ రాసిండ్రు. పొద్దటి సంది మీకోసమే అద్దం ముంగట కూసున్నది. లిప్‌స్టిక్ గూడ ఏసుకున్నది."

"ఎందుకు?"

"తిట్టనీకే."

లోపలికి నడుస్తూ జరిగింది చెప్పింది. ఆ హోమ్‌లో ఇరవైమంది ఉంటారు. ఈవిడ ఏళ్ల తరబడి భోజనాల టేబుల్ దగ్గర తన తొమ్మిది మెట్ల కథ చెప్పేదట. పక్క కుర్చీ ఆవిడ ఆమెకి ప్రాణస్నేహితురాలు, ప్రతిసారీ కొత్తగా విన్నట్లు వినేదట. ఒక ఆదివారం ఎవరి మనవడో డిస్కు తెచ్చి, ట్రివియా బటన్ నొక్కి, అందరికీ వేశాడు. సీన్ రాగానే నా వాక్యం కూడా వచ్చింది. ఇరవైమందీ చదివారు. ఆ స్నేహితురాలు ఈవిడ వైపు తిరిగి, "ఇన్నాళ్లూ మాకు కథలు చెప్పావన్నమాట" అని, కుర్చీ మార్చుకుందట. అప్పట్నుంచీ ఈవిడ ఒక్కతే కూర్చుని తింటోంది.

అచ్చు తప్పులకి సంజాయిషీ రాయడం నాకు వచ్చు. ఒక ముసలామె పక్కన కుర్చీ ఖాళీ చేసినందుకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఆమె సన్నగా, నిటారుగా కూర్చుని ఉంది. వెన్ను కుర్చీకి ఆన్చలేదు. నేను తెచ్చిన పూలని చూడను కూడా చూడలేదు.

"యంగ్ మ్యాన్," అంది. నాకప్పుడు యాభై ఎనిమిది. "నేను జారిపడ్డానని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే కల్పించాను" అన్నాను.

"ఎందుకు?"

"ఖాళీ వచ్చింది."

నర్సుకి సైగ చేస్తే, ఆమె డిస్కు పెట్టింది. సీన్ వచ్చింది, అడుగున నా వాక్యమూ వచ్చింది.

"ముందు నా పాదం మీద నుంచి నీ రాతలు తీసెయ్," అంది.

అప్పుడు చూశాను. నా అక్షరాలు సరిగ్గా ఆమె కాళ్ల మీద పడుతున్నాయి. ట్రాక్ ఆపి మళ్లీ వేశాం, ఒక్కో ఫ్రేమూ ఆపుతూ. పన్నెండేళ్లు ఎడిటింగ్ బల్లల ముందు కూర్చున్న నాకు కనబడనిది ఆమె వేలు పెట్టి చూపించింది. జారడానికి ముందే ఎడమ మడమని బూటులోంచి పైకి తీస్తుంది. బూటు అడుగు సబ్బుతో రుద్దించుకుంది. మూడో మెట్టు దగ్గర కుడి భుజం వదులుతుంది, అందువల్ల గిన్నె పైకి లేస్తుంది. ఆరో మెట్టు దగ్గర ఊపిరి బిగబడుతుంది.

"సూపు?" అన్నాను.

"మొదటి రెండు రోజులూ నిజం సూపే. దీపాల వేడికి కుళ్లి కంపు కొట్టింది. తర్వాత టీ నీళ్లు పోశారు. చిక్కగా ఏదైనా పోస్తామన్నారు, తేలిగ్గా ఉంటుందని. నేనే వద్దన్నాను. ఒలికే అవకాశం లేనప్పుడు ఒలకకపోతే ఎవరు నవ్వుతారు?"

తాను అద్దెకున్న ఇంటి మెట్ల మీద పదకొండు రోజులు, చేతిలో నీళ్ల బేసిన్‌తో సాధన చేసిందట. ఇంటావిడ వెళ్లగొట్టింది. తోకఎముకకి బీట పడింది. షూటింగ్‌లో తొమ్మిదోసారి తీసింది సినిమాలో ఉంది. ఆ తర్వాత ఆమెకి ఇంకో వేషం రాలేదు, హాలీవుడ్ నుంచి లండన్ తిరిగొచ్చి బట్టల షాపులో పని చేసింది. ఆమె జీవితంలో నలుగురికీ చూపించుకోవడానికి ఉన్నది ఆ పది సెకన్లే. దాన్ని నేను కాలు జారడం కింద జమకట్టాను.

సరిచేస్తానని మాటిచ్చి వచ్చాను. ఇక చూడండి నా అవస్థ. సోమవారం బాసు దగ్గరికి వెళ్తే, "మార్చాలంటే మూడు ఆధారాలు కావాలి కదా. ఆవిడ ఒక్కతే. పైగా సొంత డబ్బా" అన్నాడు. మొదటి రూలు అంత నిక్కచ్చిగా అమలు కావడం నేను చూడటం అదే మొదలు. అబద్ధం రాసినప్పుడు ఆ రూలు టీ తాగడానికి వెళ్లింది కాబోలు.

పోనీ ఇంటర్నెట్‌లోనైనా మారుద్దామని, అందరూ రాయగలిగే ఒక సైటులో దిద్దాను. పావుగంటలో ఎవరో మహానుభావుడు దాన్ని కొట్టేసి, మందలింపు కూడా పెట్టాడు: "అధికారిక డిస్కు ట్రాక్‌లో ఉన్న నిజాన్ని ఆధారం లేకుండా మార్చవద్దు." ఆ ట్రాక్ రాసింది నేనేనని జవాబిచ్చాను. దానికి ఆధారం చూపమన్నాడు.

ట్రాక్ డిస్కుల అచ్చుకి వెళ్లడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. దానికి ముందు కేంబ్రిడ్జ్‌లో ప్రచారం కోసం ఒక ప్రదర్శన పెట్టారు. కంపెనీ పెద్దలు, మా బాసు వస్తారు, సినిమాల మీద పాఠాలు చెప్పే ఒక ప్రొఫెసర్ ముందుగా మాట్లాడతారు. నాకు రెండు టికెట్లు వచ్చాయి, ఇంకొకటి కొన్నాను. వరంగల్ సిస్టర్ సెలవు పెట్టుకుంది. ఆవిడా, సిస్టరూ, నేనూ ముగ్గురం కారులో వెళ్లాం. వెళ్లే ముందు బాసు ఫోన్ చేసి, "అక్కడ గొడవేమీ వద్దు, కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది" అన్నాడు. ఆయన నోట 'గొడవ' అనే మాట నేను విన్నది అదొక్కసారే.

మూడో వరసలో, దారి పక్కన చక్రాల కుర్చీ పెట్టించాం. ప్రొఫెసర్ స్టేజి ఎక్కి చక్కగా మాట్లాడాడు. నవ్వు పుట్టుక గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పి చివరికి అన్నాడు: "గొప్ప హాస్యం ఒక్కోసారి ప్రణాళికతో రాదు. ఈ సినిమాలో అందరికీ ఇష్టమైన క్షణం ఒక శుద్ధ ప్రమాదం. పాపం ఆ అమ్మాయి నిజంగానే కాలు జారింది."

హాలంతా ముద్దుగా నవ్వింది. నేను పక్కకి చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. చేతులు మాత్రం ఒళ్లో గిన్నె పట్టుకున్నట్లు బిగుసుకుని ఉన్నాయి.

లేచి నిలబడ్డాను. "అది అబద్ధమండీ. క్రోయిడన్‌లో కూర్చుని నేను రాశాను. నాకు ఆరు నిమిషాల ఖాళీ వచ్చింది" అన్నాను.

ఇంకా పెద్దగా నవ్వారు. హాస్యచిత్రం ప్రదర్శన కదా, నన్ను కూడా కార్యక్రమంలో భాగమనుకున్నారు. ప్రొఫెసర్ నవ్వుతూ, "కానీ సార్, డిస్కులో ఉంది కదా" అన్నాడు.

"డిస్కులో పెట్టింది కూడా నేనే. ఆ అమ్మాయి ఇక్కడే ఉన్నారు. ఆమెని అడగండి."

అప్పుడు ఆగింది నవ్వు. రెండు వరసల అవతల కూర్చున్న మా బాసు కార్యక్రమం కాగితంలోకి ముఖం దించేశాడు. ఆమె మైకు అడగలేదు. "మాటలెందుకు? ఆ ముక్క ఒక్కటి వెయ్యండి. కింద రాతలు లేకుండా" అంది. ప్రొఫెసర్ మంచివాడే, ఆపరేటర్‌కి చెయ్యి ఊపాడు.

దీపాలు ఆరిపోయాయి. తెర మీద పనిమనిషి మేడ మీద నుంచి బయల్దేరింది. చీకట్లో నా పక్క నుంచి సన్నగా ఆ పెద్దావిడ గొంతు.

"మడమ," అంది. తెర మీద మడమ లేచింది.

"సబ్బు. జారు. భుజం."

భుజం వదులైంది, గిన్నె లేచింది. ప్రతి మాటా ముందు, ప్రతి కదలికా దాని వెంట.

"ఊపిరి. కూర్చో."

తెర మీద అమ్మాయి నేల మీద నిటారుగా కూర్చుంది.

"నవ్వకు. ఒకటి. రెండు. ఇప్పుడు చెప్పు."

"భోజనం సిద్ధం సార్," అంది తెర మీద అమ్మాయి.

దీపాలు వెలిగాయి. తర్వాత ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు గుర్తులేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ప్రొఫెసర్ స్టేజి దిగి వచ్చి ఆమె చక్రాల కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కంపెనీ పెద్ద మనిషి కూడా లేచి వచ్చి, ట్రాక్ మార్చమని అందరి ముందూ చెప్పాడు. మూడు ఆధారాలు ఆయనా అడగలేదు. బాసు నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, "వెరీ ఇంటరెస్టింగ్" అన్నాడు. మూడు నెలల తర్వాత రీస్ట్రక్చరింగ్ పేరుతో నా కుర్చీ తీసేశారు. అప్పటికి మార్చిన ట్రాక్ అచ్చుకి వెళ్లిపోయింది.

బయట వరండాలో ఆమెని క్షమాపణ అడిగాను.

"అది తర్వాత. ఏం రాస్తావో ఇప్పుడే రాసి చూపించు," అంది.

కార్యక్రమం కాగితం వెనక రాశాను. ఆమె పేరు, పదకొండు రోజుల సాధన, సబ్బు, టీ నీళ్లు, తొమ్మిదో టేకు. నాలుగు లైన్లు వచ్చాయి. కళ్లజోడు పెట్టుకుని చదివింది. నా పెన్ను తీసుకుని, పేరు తప్ప మిగతా అంతా కొట్టేసింది.

"మిగతాది వాళ్లకి కనబడుతుంది," అంది.

అలాగే వేశాం, తెర పైభాగాన. బ్లూరే వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం వరంగల్ సిస్టర్ ఫోన్ చేసింది. హోమ్‌లో అందరికీ మళ్లీ వేశారట. పేరు రాగానే ఆ పాత స్నేహితురాలు పైకి చదివిందట. వెనక్కి తిప్పమని ఇంకోసారి చదివిందట. తర్వాత కుర్చీ మోయించుకుని వచ్చి ఈవిడ పక్కన వేసుకుందట.

"మరి ఈవిడేమంది సిస్టర్?"

"ఏమన్లే అన్నా. పక్కన కూసోనిచ్చింది గని, మాట్లాడ్త లేదు. రెండు రోజులు మాట్లాడనని నాకు చెప్పింది. మూడో రోజు పొద్దుగాల్ల, మళ్లా మొదటి మెట్టు కాడికెల్లి చెప్తదంట."